ఐస్ తగలని వంజరం

మా కర్నూల్లో చేపంటే తుంగభద్రలో పట్టిందే. సముద్రపు చేప మా వీధికి వచ్చేసరికి దాని వయసెంతో దేవుడికే తెలియాలి కాబట్టి మా ఇంట్లో ఎవరూ దాని జోలికి పోరు. అలాంటి ఇంటి నుంచి బయలుదేరి కృష్ణా జిల్లా చివరిదాకా వెళ్లి, ఒక పెళ్లిలో వండిన చేపల కూర ఎందుకు వికటించిందో కనుక్కుని వచ్చానంటే మావాళ్లు నన్ను వింతగా చూశారు. "బందరు లడ్డు తెచ్చావా?" అని మాత్రం అడిగారు. తెచ్చాను. అవి రెండు రోజుల్లో అయిపోయాయి. చెప్పుకోవలసిన సంగతులు మాత్రం మిగిలాయి.

నేను కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. తిండిలో చేరే సూక్ష్మజీవుల గురించి ఇన్నేళ్లు చెప్పీ చెప్పీ నాకే ఒక జబ్బు పట్టుకుంది. ఏ విస్తరి ముందు కూర్చున్నా అందులోది ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతసేపు ఎండలో ఉంది, ఎన్ని చేతులు మారింది అని ఆరా తీయకుండా ముద్ద మింగలేను. పెళ్లిళ్లలో నా పక్కన కూర్చోవడానికి చుట్టాలు జంకుతారు. ఈ జబ్బు సంగతి తెలిసిన స్నేహితురాలు సుగుణ జూన్ చివర్లో ఫోన్ చేసి, "మందు రాయడం నాకొచ్చు. ఎందుకొచ్చిందో కనుక్కోవడం నీ పని. సెలవు పెట్టి రావే," అంది.

గుడివాడ

సుగుణా నేనూ చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇప్పుడు తను గుడివాడలో చిన్న ఆసుపత్రి నడుపుతోంది. పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక అవతల కాలువ గట్టు మీద ఒక ఊరు. నేను వెళ్లేసరికి పొద్దున్నే ఆసుపత్రి వరండాలో జనం, ఎదురుగా హోటల్లో ఇడ్లీ పొగలు. ఆ ఇడ్లీ మీద వాళ్లు వేసే నెయ్యి, కారప్పొడి చూసి నాకు మా బొరుగుల ఉగ్గాని మీద బెంగ కాస్త తగ్గింది. ప్లేటు ఆరు రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకి నెయ్యి వాసన మాత్రమే చూపిస్తారు.

టిఫిన్ తింటూనే జరిగింది చెప్పింది సుగుణ. జూన్ మొదట్లో, రోహిణీ కార్తె ఎండల్లో, వాళ్ల ఊరి చర్చిలో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికొడుకుది గుడివాడ. సాయంత్రం విందు తిని బస్సెక్కిన మగపెళ్లివారిలో సగంమందికి దారిలోనే మొహాలు ఎర్రబడ్డాయి. తలపోటు, గుండెదడ, ఒళ్లంతా దురద, కొందరికి వాంతులు. బస్సు తిన్నగా ఈ ఆసుపత్రి ముందుకే వచ్చింది. తెల్లారేసరికి చాలామంది లేచి కూర్చుని టీ అడిగారు. పెళ్లికొడుకు పెదనాన్న దేవసహాయం మాస్టారికి మాత్రం అంతకుముందే గుండె జబ్బు ఉంది. ఆయనకి ప్రాణం మీదికొచ్చి, అతికష్టం మీద బయటపడ్డారు.

"వండింది సువార్తమ్మ," అంది సుగుణ. "మా దివిసీమలో మావాళ్ల ఇళ్లల్లో ఏ విందైనా ఆవిడ చెయ్యే. నా పెళ్లికీ ఆవిడే వండింది. ఇప్పుడు ఎవరూ పిలవట్లేదు. వచ్చే వారం మా చర్చి వార్షికోత్సవం. ఏటా ఆ విందు ఆవిడదే. ఈసారి వేరేవాళ్లకి ఇద్దామని సంఘ పెద్దలు అనుకుంటున్నారు. ఆదివారం తేలుస్తారు. అది కూడా పోతే ఆవిడ మళ్లీ గరిట పట్టదే."

మధ్యాహ్నం దేవసహాయం మాస్టారింటికి వెళ్లాం. రిటైరైన హెడ్మాస్టరు. మనిషి చిక్కిపోయినా గొంతు మాత్రం క్లాసురూములోంచి వస్తున్నట్టే ఉంది. సువార్తమ్మ ఊళ్లో చాలా ఏళ్లు పనిచేశారట. ఇప్పటి సంఘ పెద్దల్లో సగంమంది ఆయన దగ్గర దెబ్బలు తిన్నవాళ్లే.

"కారం తల్లీ, కారం!" అన్నారాయన. "ముక్క నోట్లో పెట్టగానే నాలుక మీద సూదులు పొడిచినట్టయింది. సువార్త వంట నేను ఇవాళ కొత్తగా తింటున్నానా? ఎప్పుడూ అలా లేదు. చెయ్యి తప్పింది. ఆ మాటే పెద్దలతో కూడా అన్నాను."

"చేప వాసనేమన్నా వచ్చిందా మాస్టారూ?"

"లేదమ్మా. ముక్క తెల్లగా, గట్టిగా, బాగా ఉడికింది. వంజరం కదా! మావాళ్లు ప్రత్యేకం అడిగి మా బంతికి మాత్రమే చేయించారు. మా మనవడు కోడి మాంసం ఒక్కటే తిన్నాడు. వాడికేం కాలేదు, నిక్షేపంగా నిద్రపోయాడు."

నేను కర్నూలు నుంచి వస్తూ దారంతా ఒక సూక్ష్మజీవిని మనసులో పెట్టుకుని వచ్చాను. ఉప్పునీటి చేపల్లో ఉండి, సరిగ్గా ఉడికించకపోతే కడుపు పట్టుకునే రకం అది. నిజం చెప్పాలంటే వంటావిడ తొందరపడి దించేసి ఉంటుందని నేనూ అనుకున్నాను. కానీ ఆ రకానికి తీరుబడి ఎక్కువ. కడుపులో చేరి పెరగడానికి చాలా గంటలు తీసుకుంటుంది. బస్సు అవనిగడ్డ దాటకముందే మొహాలు ఎర్రబడడం దాని పని కాదు. పైగా నాలుక మీద సూదులంటున్నారు.

ఆ మాట దగ్గర నాకు విషయం తట్టింది. వంజరం, కానాగంతలు లాంటి కొన్ని చేపల మాంసంలో ఒక పదార్థం ఉంటుంది. చేప చచ్చాక వెచ్చగా పడి ఉంటే, దాని మొప్పల్లోనూ పేగుల్లోనూ ఉన్న బ్యాక్టీరియా ఆ పదార్థాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. మన ఒంటికి ఏదైనా పడనప్పుడు దద్దుర్లు తెప్పించేది కూడా అదే. ఒక్కోసారి చేప రంగూ వాసనా మామూలుగానే ఉంటాయి. తినేవాడికి నాలుక మీద కారంలా చురుక్కుమంటుంది. ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ అది తయారుచేసి పెట్టిన హిస్టమిన్ ఎక్కడికీ పోదు. ఆనాటి కూర ముక్క ఒక్కటీ మిగల్లేదు కాబట్టి పరీక్ష చేసి రుజువు చెయ్యలేను. ఇక నేను చెయ్యగలిగింది ఒకటే. ఆ వంజరం వచ్చిన దారినే వెళ్లి, అది ఎక్కడ వెచ్చబడిందో చూడాలి.

బందరు

గుడివాడ నుంచి బందరు పాసింజరులో వెళ్లాను. కాలువలకి అప్పుడే నీళ్లు వదిలారు. నారుమళ్ల కోసం దమ్ము చేస్తున్న పొలాల మధ్య నుంచి రైలు ఎడ్లబండిలా నడిచింది. నా ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ నేను చేపల కోసం వెళ్తున్నానని విని ఎంతో సంతోషించింది. "ఐస్ చేప కొనమాకండి, మోసపోతారు. పచ్చి చేపే అడగండి," అని పెడన దాకా చెబుతూనే ఉంది. ఈ 'ఐస్ చేప' అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ఐసులో పెట్టిందంటే పాతదని వాళ్ల లెక్క.

బందర్లో లాడ్జిలో సంచీ పడేసి మర్నాడు పొద్దున్నే గిలకలదిండి రేవుకి వెళ్లాను. వేట నిషేధం ముగిసి నెలే కావడంతో బోట్లు బారులు తీరి ఉన్నాయి. దిగీ దిగగానే ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది. దాన్ని పీకబోయి రెండోదీ పోగొట్టుకునేదాన్ని. గంపలు మోసుకెళ్తున్న ఆడవాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. ఒట్టికాళ్లతో నడిచాక రేవు నన్ను మనిషిగా లెక్కలోకి తీసుకుంది.

సముద్రంలో రోజుల తరబడి తిరిగి వచ్చిన బోట్లవి. అడుగున చేపలన్నీ ఐసు పొడిలో కప్పెట్టి ఉన్నాయి. నా సంచీలో కాలేజీ థర్మామీటరు ఉంది. ఒకతన్ని అడిగి ఒక వంజరం మొప్పలో పెట్టి చూశాను. మంచు ముద్దలా ఉంది.

"ఏంటమ్మా, చేపకి జొరం చూస్తున్నావా?" అన్నాడతను. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"లేదు బాబూ, దానికి జొరం లేదు. చల్లగా ఉంది," అన్నాను.

అదే చేప బజారుకి వచ్చేసరికి కథ మారిపోయింది. అమ్మేవాళ్లు ముందుగా చేసే పని చేప మీది ఐసు తుడిచెయ్యడం. బకెట్టులో ముంచి కడిగి, గుడ్డతో ఒత్తి, తడి గోనె మీద వరసగా పరుస్తున్నారు. కొనేవాళ్లు వేలితో నొక్కి, "ఐస్ చేపా, పచ్చి చేపా?" అని అడుగుతున్నారు. "పచ్చి చేపేనండీ, ఇప్పుడే దిగింది," అని జవాబు. ఆ మాటలో అబద్ధం లేదు. ఇప్పుడే దిగింది, ఐసులోంచి.

మా అత్తగారు ఫ్రిజ్‌లో పెట్టిన కూరని ముట్టుకోరు. "అది నిన్నటిది" అంటారు. పొయ్యి గట్టు మీద పెట్టిన నిన్నటి కూర మాత్రం ఆవిడకి నిన్నటిదిగా అనిపించదు. బందరు బజారులో నించుంటే ఆవిడే గుర్తొచ్చారు.

పెళ్లికి వంజరం పంపిన వ్యాపారి కోటేశ్వరరావు. సుగుణే పెళ్లికూతురి తండ్రిని అడిగి ఈయన పేరు చెప్పింది. లావుపాటి మనిషి, మెడలో తువ్వాలు. నేను ఎందుకొచ్చానో చెబితే మొహం ముడుచుకుంటాడనుకున్నాను. కుర్చీ వేయించి టీ తెప్పించాడు.

"దాచడానికేముందమ్మా! నా చేప మంచిదే. కావాలంటే రేవులో అడగండి. తెల్లారగట్ల ఐసులోంచి తీశాను, దులిపాను, గోనెపట్టా కప్పి ట్రాలీ ఆటోలో పంపించాను. మోపిదేవి అవతల టైరు పేలి, అక్కడ మజ్జాన్నం దాకా ఆగిపోయాడంట మావాడు."

"ఐసుతోనే పంపించొచ్చు కదండీ?"

ఆయన నా వంక జాలిగా చూశాడు. "సువార్తమ్మకా? ఐసుతోనా? మీరావిణ్ణి చూళ్లేదనుకుంటా. మొప్పలో వేలు పెట్టుద్ది. చల్లగా తగిలిందా, అదే బండిలో వెనక్కి పంపించేస్తది. రెండుసార్లు పంపించింది కూడా. 'ఐస్ చేప నా గిన్నెలో పడదు కోటేశ్వర్రావా' అంటది. ఆవిడకి పంపేటప్పుడు ఎప్పుడూ దులిపే పంపిస్తాను."

ఆవిణ్ణి నిర్దోషిగా నిలబెట్టడానికి వచ్చిన నాకు మొదటి సాక్ష్యం ఇలా దొరికింది.

ఆ సాయంత్రం హోటల్లో అన్నం తింటుంటే సర్వరు, "వంజరం ఫ్రై చెప్పమంటారా మేడమ్? ఐస్ చేప కాదు," అని గర్వంగా అడిగాడు. పప్పు, గోంగూర పచ్చడి చాలన్నాను. తొక్కుడు లడ్డు మాత్రం రెండు తిన్నాను. నెయ్యిలో మగ్గిన పిండీ, పంచదారా. దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు.

పులిగడ్డ మీదుగా

బందరు నుంచి ఘంటసాల అడ్డరోడ్డు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ బస్సు. ఘంటసాల స్తూపం చూడాలని ఎప్పటి నుంచో కోరిక. దిగితే తర్వాతి బస్సు ఎప్పుడో కండక్టరు కూడా చెప్పలేకపోయాడు. దిగలేదు. పులిగడ్డ అక్విడక్టు దగ్గర బస్సు ఒక్క కుదుపు కుదిపేసరికి నా సంచీ పైనుంచి కింద పడి థర్మామీటరు ముక్కలైంది. కాలేజీకి ఏం చెప్పాలో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

రిస్క్ అనే మాటని పిల్లలకి తెలుగులో చెప్పవలసి వస్తే నాకెప్పుడూ చిక్కే. ప్రమాదం అంటే బస్సు కాలవలో పడ్డాక అనే మాట. ఇంకా ఏమీ జరగలేదు, జరగొచ్చు, చాలాసార్లు జరగదు కూడా అనే స్థితికి మనకి సరైన పేరు లేదు. దగ్గరగా వచ్చేది గండం. "ఫలానా ఏడు గండం ఉంది" అని జాతకం చూసి చెబితే, అది వస్తుందో రాదో తెలియకపోయినా మనవాళ్లు ఆ ఏడంతా ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. అదే గండం చేపకి ఉందంటే మాత్రం నవ్వుతారు. బస్సులో పక్కనున్న కాలేజీ పిల్లకి ఈ సంగతంతా చెప్పాను. పాపం, ఆ పిల్ల కాసేపటికి నిద్ర నటించింది.

సువార్తమ్మ ఇల్లు

నాగాయలంక నుంచి ఆటోలో కాలువ గట్టు వెంట వెళ్లాను. సువార్తమ్మకి యాభై అయిదేళ్లుంటాయి. పొడుగు మనిషి, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత ఊళ్లో జనానికి గంగాళాలతో గంజి కాచినప్పుడు పెద్ద వంట చెయ్యడం నేర్చుకుందట.

"రండమ్మా. సుగుణ పాప కబురు చేసింది. ముందు భోంచేయండి," అంది. నేను అడగబోయేవన్నీ భోజనం తర్వాతే అని ఆవిడ మొహమే చెప్పింది.

పండుగప్ప పులుసు. పొద్దున కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర వలలో పడిన చేప. నా అలవాటు కొద్దీ ఆరా తీస్తే, వల నుంచి గిన్నెలోకి రావడానికి మధ్య ఒక్క చెయ్యే మారింది. ఏ భయమూ లేకుండా ముద్ద కలిపాను. చింతపండు ఉంది, ఉప్పు ఉంది, చేప తియ్యగా ఉంది. కానీ కూరలో కారం లేదు.

"కారం ఎక్కువైందా అమ్మా?" అని అడిగింది.

"లేదండీ."

రెండో ముద్దకి మళ్లీ అడిగింది. మజ్జిగన్నం దగ్గర మూడోసారి అడిగింది. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఆవిడ భర్త లోపలికి వినపడేలా, "ఆ పెళ్లయిన కాడ్నించీ మా ఇంట్లో బాలింత పథ్యమేనండి," అన్నాడు. ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. వందల మందికి వండిన మనిషి ఒక పిడికెడు కారాన్ని చూసి భయపడుతుంటే నాకు చాలా బాధేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి, "సువార్తమ్మ గారూ, అది కారం కాదండీ," అన్నాను.

ఆవిడ పీట మీద కూలబడింది. "నేనూ ముక్క నోట్లో వేసుకుని చూశానమ్మా ఆ రోజు. నాకూ చురుక్కుమంది. కొలతలో ఎక్కడో పొరబడ్డాననుకున్నా. కారం కాకపోతే మరేంటి?"

చెప్పాను. వంజరం మాంసం సంగతి, ఎండలో బ్యాక్టీరియా పెట్టే విషం సంగతి, టైరు పేలిన సంగతి.

"ఉడికిస్తే అన్నీ చస్తాయిగా?"

"అవి చస్తాయండీ. చచ్చేలోపల అవి పెట్టింది ఉడికినా చావదు."

"మరి ఇన్నేళ్లూ ఏమీ కాలేదే? నేనెప్పుడూ ఐస్ చేప వండలేదు!"

"ఇన్నేళ్లూ మీరు వండింది ఏ చేప?"

ఆవిడ గిన్నె వైపు చూసింది. "పండుగప్పే. పొద్దున్న తీసింది పొద్దున్నే కోసేవాళ్లం. తోకాడిస్తానే వచ్చేది. వంజరం ఇప్పుడొచ్చిన మోజు. ఈ నాలుగైదేళ్ల నుంచీ పెద్ద పెళ్లిళ్లకి అదే అడుగుతున్నారు. మా కాలవలో దొరకదుగా, బందర్నించి తెప్పించాలి."

"తోకాడించే చేపకి ఐసు ఎందుకు? మీ మాట దానికి సరిపోయింది. బందరు నుంచి వచ్చే చేపకి దారి పొడుగునా ఐసే కాపలా. దాన్ని తీసెయ్యమని..." అక్కడ ఆగిపోయాను.

ఆగిన మాట ఆవిడే పూర్తిచేసింది. "నేనే చెప్పాను."

లేచి పెరట్లోకి వెళ్లింది. కాలువలో పడవ వెళ్తున్న చప్పుడు వినిపించింది. కారం నింద మొయ్యడమే ఆవిడకి తేలికేమో, అనవసరంగా వచ్చి కొత్త భారం పెట్టానేమో అనిపించింది. తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుని ఉంది.

"పెద్దలకి చెప్పండమ్మా. కానీ కోటేశ్వర్రావు తప్పని చెప్పొద్దు. నేనడిగిందే ఇచ్చాడతను." పీట మీద కూర్చుంటూ, "మాస్టారు పోయుంటే?" అంది.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "మీకు థర్మామీటరు అక్కర్లేదక్కా. ఆ వేలే చాలు. ఇన్నాళ్లూ చల్లగా తగిలితే వెనక్కి పంపారు. ఇకనుంచి వెచ్చగా తగిలితే పంపండి."

తన వేలిని తనే కొత్తగా చూసుకుంది.

ఆదివారం

ఆ ఊళ్లో సెల్‌ఫోన్ పలకదు. నాగాయలంక వెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి దేవసహాయం మాస్టారికి ఫోన్ చేశాను. మొత్తం విన్నారు. మీటరు తిరుగుతోంది.

"నేను అందరికీ చెప్పేశానే అమ్మా, చెయ్యి తప్పిందని," అన్నారు చివరికి.

"అవునండీ."

"అయితే నేనే రావాలి."

ఆదివారం సుగుణ కార్లో వచ్చారు. ఆరాధన అయ్యాక చర్చి వరండాలో పెద్దలు కూర్చున్నారు. మాస్టారు కర్ర ఆనించి నిలబడి, "నా నాలుక కారం అంది, నేను నమ్మాను. అది చేపలో పుట్టిన విషం. ఈ సంగతి చదువుకున్నవాళ్లు చెబితే తెలిసింది. సువార్త చేతిలో లోపం లేదు," అన్నారు.

సువార్తమ్మ లేచి, "లోపం ఉందయ్యగారూ. ఐసు వద్దన్నది నేనే," అంది.

వరండాలో గుసగుసలు బయలుదేరాయి. ఐసు లేకపోతే చేప పాడవుతుందన్న మాట వాళ్లకి తలకిందులుగా వినిపించింది. "మా నాయన కాలం నుంచీ ఐస్ చేప తినలేదు, మేం పోయామా?" అన్నాడొకాయన. నేను చెప్పింది సగంమందికి ఎక్కింది, సగంమందికి లేదు. చివరికి పెద్దల్లో ఒకాయన రాజీ చెప్పాడు. వంట సువార్తమ్మకే ఇద్దాం, చేప మాత్రం వద్దు.

"చేప ఉండాలి," అన్నారు మాస్టారు. "చేప లేకుండా వండిస్తే మీరు ఆమెను నమ్మనట్టే. నేనొస్తాను. మొదటి బంతిలో మొదటి విస్తరి నాది. అందరూ చూస్తుండగా తింటాను."

సువార్తమ్మ ఆ సాయంత్రమే బూత్‌కి వచ్చి బందరు ఫోన్ కలిపించింది. "వంజరమే పంపు కోటేశ్వర్రావా. ఐసుతో పంపించు," అని గట్టిగా చెప్పింది. అవతల ఆయన పెద్దగా నవ్వడం నాకు కూడా వినిపించింది.

విందు

సెలవు పొడిగించుకుని ఉండిపోయాను. వార్షికోత్సవం రోజు పొద్దున చర్చి వెనక పందిట్లో గాడిపొయ్యిలు మండుతున్నాయి. మాంసం ఉడుకుతోంది, పప్పు దిగింది. ట్రాలీ ఆటో ఎండెక్కాక వచ్చింది. సువార్తమ్మ గోనెపట్టా ఎత్తి వంజరం మొప్పలో వేలు పెట్టింది. పెట్టి, అలాగే ఉంచింది.

"ఐసు ఏదయ్యా?"

డ్రైవరు నోరు తెరిచాడు. "మీరు ఎగతాళికి అన్నారనుకున్నాడండి మా ఓనరు. మీక్కదా అని శుభ్రంగా దులిపి మరీ పంపించాడు."

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

నేను చేప చూశాను. మొప్పలు ఎర్రగా ఉన్నాయి, వాసన లేదు. పెళ్లినాటంత సేపు ఎండలో లేదు. వల చేపలు పొద్దున్నే అమ్ముడైపోయాయి, ఇంక వేరే చేప దొరకదు. విందులో చేప లేకపోతే రేపు ఊరంతా ఏమంటుందో నాకు తెలుసు. సువార్తమ్మకి చేప వండడానికి భయం పట్టుకుందంటారు. ఈసారికి పర్వాలేదు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"చాలావరకు ఏమీ కాదక్కా," అన్నాను. "కానీ ఏమీ కాదని గట్టిగా చెప్పలేను."

ఆవిడ పందిరి అవతలికి చూసింది. అక్కడ నీడలో కుర్చీ వేయించుకుని, తెల్లచొక్కా వేసుకుని, కర్ర మీద చేతులు పెట్టుకుని మాస్టారు కూర్చుని ఉన్నారు.

"ఆ మిగిలిన కాస్తలో ఆయన గుండె ఉంది," అని గోనెపట్టా కప్పేసింది. "తీసుకెళ్లు బాబూ."

"ఇన్నేళ్లూ ఐసు ఉందని వెనక్కి పంపారు, ఇప్పుడు లేదని పంపుతున్నారు. మిమ్మల్నెలా మెప్పించాలండీ?" అని గొణుక్కుంటూ డ్రైవరు బండి తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం మొదటి బంతి కూర్చుంది. మొదటి విస్తరి మాస్టారిది. ప్రార్థన అయింది. పప్పు వచ్చింది, వంకాయ వచ్చింది, మాంసం వచ్చింది. ఆయన అన్నం ముట్టుకోకుండా చూస్తున్నారు. బంతిలో వాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు.

"చేప ఏదమ్మా సువార్తా?" అన్నారు.

ఆవిడ మాంసం బకెట్టు చేత్తో పట్టుకునే నించుంది. "ఐసు లేకుండా వచ్చిందయ్యగారూ. వెనక్కి పంపేశాను."

చేప వద్దన్న పెద్దమనిషి తలొంచుకుని అన్నం కెలుకుతున్నాడు. మాస్టారు ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, "అయితే ఇంకో గరిటె మాంసం వెయ్యి," అన్నారు. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. రెండు నమిలేసరికి ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి, పొలమారింది. సుగుణ నా పక్క నుంచి లేవబోయింది.

సువార్తమ్మ బకెట్టు కింద పెట్టేసింది. "కారం ఎక్కువైందా అయ్యగారూ?"

ఆయన నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, చెయ్యి అడ్డంగా ఊపారు.

"లేదమ్మా," అన్నారు. "ఇది నీ కారమే."